పచ్చగా ఉన్న మల్లె మొగ్గ వేయకపోతే: ఒంగోలు, నెల్లూరు పెరళ్లకు పూల లెక్క

మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. ఒంగోలులో సొంత ఇల్లు, ముందు కొంచెం నల్లరేగడి స్థలం. రెండేళ్ల కిందట పెట్టిన మల్లె గుబురుగా, పచ్చగా ఉంది. ఫాల్గుణం రాగానే పక్కింటి మల్లె మొగ్గ తొడిగింది, మీ దానికి ఒక్కటీ లేదు. గోడ మీద కాగితం పూల తీగా ఆకులే, కుండీలో ఎర్ర లిల్లీ కూడా ఆకులే. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నారు, పదిహేను రోజులకోసారి గుప్పెడు యూరియా వేస్తున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పియోనీ (చలిదేశాల పూల మొక్క) దుంప మట్టిలోనే ఉండిపోయింది. ఇదేం తెగులు, ఏ మందు కొట్టాలి అని అడిగారు.

తెగులేమీ లేదమ్మా. ఏ మందూ కొట్టకండి. తిండీ నీళ్లూ ఎక్కువై మీ మొక్కలు పూత మర్చిపోయాయి. వాటికి కావలసింది బెట్ట. పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల రైతుల్ని అడిగితే ఈ మాటే చెప్తారు: పూత కావాలంటే చెట్టుకు కొన్నాళ్లు తడి ఆపి, ఆకు కాస్త వాడనిచ్చి, ఆ తర్వాత ఎరువేసి నీళ్లు పెట్టాలి. పెరటి మల్లెకూ అదే సూత్రం. ఏడాది పొడవునా ఉండి వసంతంలో పూసే మొక్కలు చాలావాటికి పూతకు ముందు విశ్రాంతి కావాలి. చలిదేశాల్లో ఆ విశ్రాంతి మంచు ఇస్తుంది. మనకు మంచు లేదు కాబట్టి పొడి నేలే ఇవ్వాలి.

ఆ పొడి కాలం ఎప్పుడు అన్న దగ్గరే మనవాళ్లు పొరబడతారు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. ప్రకాశంలో కోస్తా మండలాలకూ ఈశాన్య రుతుపవనమే పెద్ద దిక్కు. హైదరాబాదు, బెంగళూరు నుంచి యూట్యూబులో చెప్పేవాళ్లు నవంబరులో మల్లె కత్తిరించమంటారు. వాళ్ల ఊళ్లకు అది సరిపోవచ్చు. మన దగ్గర నవంబరంటే తుపాన్ల నెల. అప్పుడు కత్తిరిస్తే తడి నేలలో చిగురు ఎగబడి వస్తుంది, ఆ లేత చిగురంతా ఆకుకే పోతుంది, కోసిన చోట బూజు కూడా పడుతుంది. ఇక్కడ ధనుర్మాసం సగం గడిచాక, వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక కత్తెర పట్టాలి. సంక్రాంతికి ముందూ వెనకా ఒక వారం అనుకోండి. పక్కింటివాళ్లు తెలిసి చేశారో, ఊరికెళ్తూ నీళ్లు పోయడం మానేశారో గాని, వాళ్ల మల్లెకు ఆ బెట్ట దొరికింది.

వచ్చే సంక్రాంతికి ఏం చేయాలో ముందు చెప్తాను, ఇప్పుడేం చేయాలన్నది ఆ తర్వాత. డిసెంబరు చివరి వారం నుంచి మల్లెకు నీళ్లు ఆపేయండి. మీది నల్లరేగడి, తడిని పట్టి ఉంచుతుంది, కాబట్టి రెండు మూడు వారాలు పట్టవచ్చు. కందుకూరు, కనిగిరి వైపు ఎర్ర గరప నేలల్లో పది రోజులు చాలు. (జిల్లాలు ఎన్నిసార్లు విడదీసి కలిపినా ఆ ఎర్రనేల ఎర్రనేలే.) పెన్న ఒడ్డు ఇసుక నేలల్లో వారం కూడా ఎక్కువే. ముదురాకు పసుపు తిరిగి రాలడం మొదలుపెట్టాక పొదను నేలకు ఒకటిన్నర అడుగుల ఎత్తున కత్తిరించండి. ఎండుకొమ్మలు, లోపలికి అల్లుకున్న సన్నకొమ్మలు మొదలంటా తీసేయండి. మిగిలిన ఆకు కూడా చేత్తో దూసేయండి. చూడ్డానికి పుల్లల మోపులా తయారవుతుంది, అత్తగారు తిడతారు కూడా, పట్టించుకోకండి. తర్వాత పాదు తవ్వి, వేర్లకు రెండు మూడు రోజులు ఎండ తగలనిచ్చి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి మట్టి కప్పి, అప్పుడు నిండుగా ఒక తడి ఇవ్వండి. మల్లె పూసేది కొత్త చిగురు కొసనే, పాత కొమ్మ మీద పూయదు. అందుకే ఈ కత్తిరింపు. సంక్రాంతికి కోస్తే ఫాల్గుణంలో మొగ్గ కనిపిస్తుంది.

యూరియా విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతోంది. తోటల్లో ఎదిగిన మల్లె పొదకు సిఫారసు చేసే మోతాదు ఏడాదికి 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల భాస్వరం, 120 గ్రాముల పొటాష్. దీన్ని రెండు దఫాలుగా, కత్తిరింపు తర్వాత ఒకసారి, జూన్, జూలైలో ఒకసారి వేస్తారు. నత్రజని కంటే మిగతా రెండూ రెట్టింపు ఉండటం గమనించండి. 60 గ్రాముల నత్రజని అంటే దాదాపు 130 గ్రాముల యూరియా, అదీ ఏడాది మొత్తానికి, పూర్తిగా ఎదిగిన పొదకు. మీ రెండేళ్ల మొక్కకు అందులో సగం చాలు. మీరు పదిహేను రోజులకో గుప్పెడు వేస్తే ఏడాదికి కిలో దాటిపోతుంది! ఇంక అది పూయమంటే ఎక్కడ పూస్తుంది, ఆకు వేసుకుంటూ కూర్చుంటుంది. యూరియా డబ్బా ఎవరికైనా ఇచ్చేయండి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తెచ్చుకోండి. దఫాకు 200 గ్రాములు మీ మొక్కకు సరిపోతుంది, అందులో ఉండే జిప్సం నల్లరేగడికి మేలు చేస్తుంది. పొటాష్ ఎరుపుది వద్దు, తెలుపుది, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కొనండి. ఎర్ర పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, మన బోరు నీళ్లలో ఉప్పు చాలదన్నట్టు అదొకటి ఎందుకు.

ఇప్పుడు ఫాల్గుణంలో ఉన్నాం, సంక్రాంతి దాటిపోయింది. అయినా ఏడాది మొత్తం పోలేదు. ఇంత ఎండలో పొదను ఒకటిన్నర అడుగుల ఎత్తుకు కత్తిరించకండి. ప్రతి కొమ్మ కొసా నాలుగు వేళ్ల మేర తుంచేయండి, లోపలి ముదురాకు కొంత దూయండి, నీళ్లు ఆపేయండి. రోజూ పొద్దున్నే వెళ్లి చూడండి. సాయంత్రం ఆకు వాడి, తెల్లారేసరికి తేరుకుంటే ఇంకా ఆగవచ్చు. తెల్లవారుజామున కూడా వాడిపోయే ఉంటే ఆ రోజే తడి ఇచ్చేయాలి, ఇంక సాగదీస్తే కొమ్మలు ఎండుతాయి. ఆ తడితోపాటు సూపర్, తెల్ల పొటాష్ వేయండి. తర్వాత నుంచి రోజూ కొంచెం కొంచెం చిలకరించడం మాని, మూడు నాలుగు రోజులకోసారి పాదు నిండా పోయండి. ఉగాది దాటాక, శ్రీరామనవమి వెళ్లాక మొగ్గ వస్తుంది. ఒక విడత పూత అయిపోగానే మళ్లీ కొసలు తుంచితే, నెలా నెలన్నరకు ఇంకో విడత వస్తుంది. అలా ఆషాఢం దాకా లాగవచ్చు.

ఇంతా చేసి మొగ్గ రాకపోతే అప్పుడు ఎండ సంగతి చూడాలి. మల్లెకు రోజుకు ఆరు గంటల నేరు ఎండ తప్పనిసరి. సపోటా కిందో, రెండంతస్తుల గోడ నీడలోనో ఉంటే ఎన్ని బెట్టలు పెట్టినా లాభం లేదు, మొక్కను తీసి చోటు మార్చాలి. మార్చడం ఇప్పుడు కాదు, తొలకరికి.

మొగ్గ వచ్చాక మాత్రం పురుగు మీద కన్నేయండి. మొగ్గ గులాబీ రంగుకో ఊదాకో తిరిగి, అడుగున ఉబ్బి, విచ్చకుండా ఎండిపోతే అది మొగ్గ ఈగ పని. దాని పిల్లలు మొగ్గలోంచి రాలి మట్టిలో కోశం కడతాయి. కాబట్టి అలాంటి మొగ్గలు కోసి కాల్చేసి, పాదు మట్టిని గుల్ల చేసి వేపపిండి కలపాలి. మొగ్గకు చిల్లు ఉండి, రెండు మూడు మొగ్గలు గూడులా అల్లుకుని ఉంటే మొగ్గ తొలిచే పురుగు. ఇంటి మొక్కకైతే చేత్తో ఏరడమే మంచి మందు, తర్వాత లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఏప్రిల్ దాటాక ఆకు అడుగున సన్నని బూడిదలాగా, సాలెగూడులాగా కనిపిస్తే ఎర్రనల్లి. దీనికి గంధకం కొట్టమని దుకాణంలో ఇస్తారు. మంచి మందే, కానీ మన ఎండల్లో మధ్యాహ్నం ముందు కొట్టినా ఆకు మాడుతుంది. పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుకు గట్టిగా నీళ్లు కొట్టండి, వారంలో రెండుసార్లు. నల్లికి తేమ పడదు.

కాగితం పూల సంగతి మల్లె కంటే సులువు. మనం పూవు అనుకునే ఆ రంగు రేకలు నిజానికి ఆకులే, మధ్యలో కనిపించే సన్నటి తెల్లది అసలు పూవు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, కరువుకు పుట్టింది. మీరు నేలలో పెట్టారు, వేళ్లు నల్లరేగడి లోతుకు దిగిపోయాయి, కింద తడి దానికి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. పైనుంచి చుక్క నీళ్లు కూడా పోయకండి, ఎరువు అసలే వద్దు. పొడుగ్గా సాగిన లేత కొమ్మలను మూడో వంతు కోసేయండి. కొత్త కొమ్మ కొంచెం సాగి ఆగిపోయాక రంగు వస్తుంది. దీన్ని కుండీలో పెంచిన వాళ్లకు ఇంత బాధ ఉండదు. కుండీ ఎండనిచ్చి, ఆకు మెత్తబడ్డాకే నీళ్లు పోస్తే మాఘం నుంచి వైశాఖం దాకా పూలే తప్ప ఆకు కనిపించదు.

ఎర్ర లిల్లీ అంటే మీరు చెప్పింది అమరిల్లిస్ అనుకుంటున్నాను, పొడుగు కాడ మీద బాకాల్లాంటి పెద్ద పూలు వచ్చేది. మాఘ ఫాల్గుణాల్లో పూసి ఉండాలి. ఇది గడ్డ మొక్క, డిసెంబరు, జనవరి నెలల్లో కుండీని ఎండలో, వాన తగలని చూరు కింద పెట్టి నీళ్లు పూర్తిగా ఆపాలి. ఆకు దానంతటదే పడిపోతుంది. ఫిబ్రవరిలో ఒక తడి ఇస్తే ఆకు కంటే ముందు పూకాడ లేస్తుంది. మీరు అప్పుడూ రోజూ నీళ్లు పోశారు కాబట్టి గడ్డ నిద్రపోలేదు. ఈ ఏడాదికి పూత ఆశ వదిలేయండి. ఉన్న ఆకును కోయకుండా ఎండ తగలనివ్వండి, వచ్చే ఏడాది పూతకు తిండి ఆ ఆకే దాచిపెడుతుంది. గడ్డ మెడ మట్టి పైకి కనిపించాలి, పూర్తిగా పూడ్చేస్తే మన అక్టోబరు వానల్లో కుళ్లుతుంది. గడ్డ నిమ్మకాయంతే ఉంటే ఎలాగూ పూయదు, ఒకటి రెండేళ్లు ఆగాలి. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలో చారలో ఉన్న గొంగళి పురుగులు రాత్రికి రాత్రే ఆకంతా తినేస్తాయి, టార్చి పట్టుకుని ఏరేయండి.

మీ దగ్గర ఫుట్‌బాల్ లిల్లీ కుండీ కూడా ఒకటి ఉండి, ఖాళీగా కనిపిస్తోందని పారేద్దామనుకుంటున్నారేమో, తొందరపడకండి. ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డ అది, చలికాలమంతా మట్టిలో దాక్కుని ఏప్రిల్, మే నెలల్లో ఒక జల్లు పడగానే ఆకు లేకుండా నేరుగా ఎర్ర బంతి లేపుతుంది. దేవగన్నేరు కూడా ఇప్పుడు మోడుగా ఉంటుంది. దాని పూగుత్తి కొమ్మ కొసనే వస్తుంది కాబట్టి చలికాలంలో కొసలు కోసినవాళ్లకు ఆ ఏడాది పూలు ఉండవు. కొమ్మలు పాతుకోవాలంటే పూత అయ్యాక కోసి, పాలు ఆరేదాకా వారం రోజులు నీడలో పడేసి, అప్పుడు గుచ్చండి.

నేల సంపెంగ గడ్డలు పెట్టడానికి మాత్రం ఇప్పుడు అదనే. ఒంటి రేక రకాలకు వాసన ఎక్కువ, ముద్ద రకాలకు అందం ఎక్కువ. బెంగళూరు హెసరఘట్టలో రూపొందించిన ప్రజ్వల్ ఒంటి రేక రకం, మొగ్గ లేత గులాబీ రంగులో ఉంటుంది, మన వేడికి బాగా నిలుస్తుంది. గడ్డ పెట్టిన మూడు నెలలకు కాడ వస్తుంది. నల్లరేగడిలో నేరుగా పెట్టకండి, జానెడు ఎత్తు మడి చేసి ఇసుక, ఎర్రమట్టి కలిపి పెట్టండి.

చామంతి ఎందుకు ఆగిపోయిందని చాలామంది ఇదే నెలలో టెన్షన్ పడతారు. అది పగలు చిన్నదైనప్పుడు పూసే మొక్క. సంక్రాంతితో దాని పని అయిపోయింది. మోడును నాలుగు వేళ్ల ఎత్తుకు కోసి, కుండీని పల్చటి నీడలోకి జరపండి. మొదలు నుంచి వచ్చే పిలకలే వచ్చే ఏటి మొక్కలు.

పియోనీ గురించి దాపరికం లేకుండా చెప్తాను. అది మన దగ్గర పూయదు. దాని గడ్డలో పూమొగ్గ మేలుకోవాలంటే వారాల తరబడి ఫ్రిజ్ లోపల ఉన్నంత చలి కావాలి. మనకు జనవరి రాత్రుల్లో కూడా ఇరవై డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. తులిప్ కూడా అంతే. బొమ్మలు చూసి కొనకండి. ఆ డబ్బుతో రెండు ఢిల్లీ కనకాంబరాలు వస్తాయి. అది గింజ కట్టని రకం, అందుకే ఏడాది పొడవునా పూస్తుంది, కొమ్మతో పెంచుకోవాలి. సగం నీడ ఇచ్చి, మొదట్లో వేపపిండి వేసి, వేరు దగ్గర నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు.

ఇక నీళ్లు. ఒంగోలు బోర్లలో ఉప్పు తెలిసిందే. నెల్లూరు వైపు రొయ్యల గుంటల పక్కన ఉన్నవాళ్లకూ అదే బాధ. ఇంట్లో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పులు కొలిచేది) ఉంటే బోరు నీటిని ఒకసారి చూడండి. వెయ్యి లోపు అయితే మల్లెకు భయం లేదు. వెయ్యి దాటితే నెలకోసారి పాదు నిండి పొర్లేలా పోసి ఉప్పును కిందికి దింపాలి. రెండు వేలు దాటితే మల్లె మానేసి గన్నేరు, కాగితం పూలు, దేవగన్నేరు, ఎడారి గులాబీ పెట్టుకోండి, ఇవి ఉప్పు తట్టుకుంటాయి. (గన్నేరు విషం. చిన్నపిల్లలున్నా, మేకలు తిరిగినా గోడ లోపల వద్దు.) వాటర్ ప్లాంటు నుంచి, ఇంట్లో ఆర్వో మిషన్ నుంచి వృథాగా వచ్చే నీళ్లు మొక్కలకు పోస్తే పొదుపు అనుకుంటారు. అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది, బాత్రూము కడుక్కోండి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం బకెట్లో పట్టుకోండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. నూరు వరహాల మొక్కకు అవే అమృతం. నూరు వరహాలు, మల్లె ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పాలిపోతే అది ఇనుము లోపం. లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి పొద్దున్నే ఆకు తడిసేలా కొట్టండి. వారం తర్వాత ఇంకోసారి.

కర్తరి మొదలయ్యేలోపు, అంటే మే మొదటి వారానికల్లా, పాదుల మీద రెండంగుళాల మందాన ఎండుటాకో కొబ్బరి పొట్టో పరవండి. నల్లరేగడి పగుళ్లు తీస్తే సన్న వేళ్లు తెగిపోతాయి. ఆకు పరిస్తే పగుళ్లు అంత తీయవు. కుండీలను పడమటి గోడకు ఆనించి ఉంచకండి. సాయంత్రం దాకా గోడ సెగ కొడుతూనే ఉంటుంది.

కడియం నర్సరీల నుంచి బండ్ల మీద వచ్చే మొక్కలు ఈ నెలలో మొగ్గలతో ఊరిస్తాయి. కొనాలనుకుంటే కొనండి, కానీ వేర్ల చుట్టూ ఉండే ఆ బంకమట్టి ముద్దను అంచుల్లో కాస్త వదులు చేసి పెట్టండి. లేకపోతే వేళ్లు ముద్ద దాటి రావు. ఉన్న మొగ్గలు ఎలాగూ రాలతాయి, కంగారు పడకండి.

మీ బోరు టీడీఎస్ ఎంత వచ్చిందో, మల్లె మీద ఎండ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా పడుతుందో రాయండి. రెండూ తెలిస్తే ఆ పొదను అక్కడే ఉంచాలో, తొలకరికి తీసి వేరే చోట పెట్టాలో చెప్తాను.